చెవితో చూసే కత్తియుద్ధం

నడిరేయి. చింగ్ వంశపు కాలం నాటి పెకింగ్ నగరం. ముసుగు కట్టుకున్న ఓ దొంగ ‘గ్రీన్ డెస్టినీ’ అనే పాతకాలపు కత్తిని ఎత్తుకుని పెంకుటిళ్ల కప్పుల మీదికి ఎగిరిపోతుంది. యూ షు లియెన్ అనే యోధురాలు ఆమెను తరుముతుంది. ఇద్దరూ గోడలకు కాళ్లు తన్నిపట్టి పైకి పరుగెత్తుతారు, కప్పు నుంచి కప్పుకు దూకుతారు, చివరికి నేల మీద చేతులూ కాళ్లూ కలబడతాయి. ఆ పోరాటం వెనక వినిపించేవి డ్రమ్ములు మాత్రమే. వయొలిన్ల వరసలు లేవు, బాకాల మోత లేదు, గుర్తుపెట్టుకుని కూనిరాగం తీసుకోవడానికి ఓ చిన్న బాణీ కూడా లేదు.

ఆంగ్ లీ తీసిన ‘క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్’ 2000లో వచ్చింది. మరుసటి ఏడాది నాలుగు ఆస్కార్లు గెలిచింది. అందులో ఒకటి టాన్ డున్ సంగీతానికి. ఆ సంగీతం పేరెత్తగానే అందరూ యో-యో మా చెల్లోనే తలుచుకుంటారు. అది న్యాయమే. కానీ ఈ సినిమా సంగీతంలోని సైన్సు తెలియాలంటే ముందు డ్రమ్ముల దగ్గరికే వెళ్లాలి. పోరాటాన్ని మనం కళ్లతో చూస్తున్నామనుకుంటాం. ఏ దెబ్బ ఎప్పుడు తగిలింది, ఎంత బరువుగా తగిలింది, తగిలిందా తప్పిందా అన్న తీర్పుల్లో చాలా భాగం చెవి ఇస్తోంది. ఈ సంగతి మెదడు శాస్త్రవేత్తలు ప్రయోగశాలల్లో నిరూపించారు. వాళ్లకంటే ఎంతో ముందే చైనా నాటకరంగం దాన్ని పట్టుకుంది. టాన్ డున్ ఆ నాటకరంగం నుంచే వచ్చాడు.

ఆయన 1957లో హునాన్ ప్రాంతంలో పుట్టాడు. సాంస్కృతిక విప్లవం రోజుల్లో పల్లెకు పంపితే వరి నాట్లు వేశాడు. అక్కడి రైతులనే కూడగట్టి, చేతికి దొరికిన వస్తువులతో పాటలు కట్టాడు. ఊరూరా తిరిగే ఓ పెకింగ్ ఒపెరా బృందం పడవ మునిగి కళాకారులు చనిపోతే, ఆ ఖాళీల్లోకి ఆయన్ను తీసుకున్నారు. బీజింగ్ సంగీత కళాశాల, న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయం ఆ తర్వాతి మజిలీలు.

పెకింగ్ ఒపెరా వాద్యబృందంలో రెండు పక్షాలుంటాయి. తీగ వాద్యాలూ పిల్లనగ్రోవుల పక్షం ‘వెన్‌చాంగ్’. పాట, శోకం, ప్రేమ దాని పని. డ్రమ్ములు, తాళాలు, కంచు గాంగుల పక్షం ‘వూచాంగ్’. నడక, దూకుడు, యుద్ధం దానివి. చేతిలో కర్ర పట్టుకున్న నాయకుడెవరూ ఉండడు. ‘బాన్‌గు’ అనే చిన్న డ్రమ్ము వాయించేవాడి చేతి సైగతోనే మొత్తం బృందం నడుస్తుంది. నటుడు కత్తి తిప్పినా, తల విసిరినా, బొమ్మలా నిలబడిపోయినా ప్రతి కదలికకూ పేరున్న ఓ దరువు ఉంది. నా వినికిడికి ‘క్రౌచింగ్ టైగర్’ సంగీతం మొత్తం ఈ రెండు పక్షాల మీదే నిలబడింది. పోరాటాలు వూచాంగ్ వంతు, నోరు విప్పి చెప్పుకోలేని ప్రేమలు వెన్‌చాంగ్ వంతు. తేడా ఒక్కటే, వెన్‌చాంగ్ కుర్చీలో చెల్లో వచ్చి కూర్చుంది.

సినిమాలోకి ఈ ఒపెరా దారి వేసింది టాన్ డున్ ఒక్కడే కాదు. కింగ్ హు 1966లో ‘కమ్ డ్రింక్ విత్ మీ’ తీసినప్పుడే ఒపెరా దరువుల లెక్కతో పోరాటాలు మలిచాడు. అందులో కత్తి పట్టిన కథానాయిక చెంగ్ పేయ్-పేయ్. ముప్పై నాలుగేళ్ల తర్వాత ఆంగ్ లీ సినిమాలో విలన్ జేడ్ ఫాక్స్ ఆవిడే. తెలిసినవాళ్లకు అది ఓ నమస్కారం.

ఇక డ్రమ్ము సంగతి. చైనా పెద్ద డ్రమ్ము ‘టాంగు’ చెక్క పీపా. రెండు మూతులకూ తోలు లాగి, అంచు చుట్టూ మేకులు దిగ్గొడతారు. మేకులు కొట్టాక శ్రుతి మార్చే వీలుండదు. నిజానికి మార్చడానికి గట్టి శ్రుతి అంటూ దానికి లేదు కూడా. తీగ కంపించినప్పుడు దాని అసలు ధ్వనికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతల పౌనఃపున్యాలు కలిసి పుడతాయి. ఇవి పూర్ణ సంఖ్యల వరస కాబట్టి చెవి వాటన్నిటినీ కలిపి ఒకే స్వరంగా వింటుంది. గుండ్రంగా లాగి కట్టిన పొర లెక్క వేరు. అక్కడ అసలు ధ్వనికి 1.59 రెట్లు, 2.14 రెట్లు, 2.30 రెట్లు, ఇలా పొంతన లేని సంఖ్యలు వస్తాయి. పీపాలోని గాలి వీటిని కొంత అటూ ఇటూ జరుపుతుంది గానీ వరసలో పెట్టలేదు. అందుకే చెవికి స్వరం అందదు, ‘ధడ్’ అన్న బరువొక్కటే అందుతుంది.

మన మృదంగం ఈ నియమాన్ని దాటిన వాద్యం. కుడి మూతి మీది నల్లటి పూత పొర మధ్యభాగానికి బరువు పెంచి, ఆ పొంతన లేని సంఖ్యలను దాదాపు పూర్ణ సంఖ్యల వరసలోకి తెస్తుంది. సి.వి. రామన్ దీన్ని 1920లోనే ‘నేచర్’ పత్రికలో వివరించాడు. మృదంగం గాయకుడి శ్రుతిలో కలిసి పలకాలి, కనుక దానికి స్వరం కావాలి. యుద్ధపు డ్రమ్ముకు ఆ అవసరం లేదు. స్వరం ఉంటే చెవి దాని తర్వాతి స్వరం కోసం చూస్తుంది, ఏ రాగమో, అది ఆనందమో విషాదమో తేల్చుకోబోతుంది. టాంగు అలాంటి కబురేదీ మోయదు. దాని దగ్గరున్నది కాలం ఒక్కటే. పెంకుల మీది పరుగులో షు లియెన్ ముసుగు వెనక ఉన్నదెవరో తేల్చుకోలేని స్థితిలో ఉంది. ప్రేక్షకుడికీ అదే స్థితి. అక్కడ వయొలిన్లు మోగితే ఎవరి పక్షాన ఉండాలో సంగీతం ముందే చెప్పేసి ఉండేది.

కాలాన్ని కొలవడంలో చెవికి సాటి కన్ను కాదు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, అంటే ఒక్కో ఫ్రేము నిలిచేది దాదాపు 42 మిల్లీసెకన్లు. రెండు చప్పుళ్ల మధ్య రెండు మూడు మిల్లీసెకన్ల ఖాళీ ఉన్నా చెవి పసిగడుతుంది. కారణం లోపలి నిర్మాణంలో ఉంది. చెవి లోపలి రోమకణం వంగిందంటే దాని తలుపులు నేరుగా తెరుచుకుని విద్యుత్ సంకేతం పుడుతుంది. కంటి రెటీనాలో వెలుగు ముందు వరసగా కొన్ని రసాయన చర్యలను నడపాలి, ఆ తర్వాతే సంకేతం. శబ్దం వినగానే బటన్ నొక్కమంటే మనిషి వెలుగు చూసి నొక్కేదానికన్నా దాదాపు 30–40 మిల్లీసెకన్లు ముందుంటాడు. పరుగు పందేలను తుపాకీ చప్పుడుతో మొదలుపెట్టడంలో ఈ లాభం కూడా ఉంది.

కన్నూ చెవీ చెరో మాట చెబితే మెదడు ఎవరిని నమ్ముతుంది? 1997లో రాబర్ట్ సెకులర్, అలిసన్ సెకులర్, రెనీ లావ్ ఓ సులువైన ప్రయోగం చేశారు. తెర మీద రెండు చుక్కలు ఎదురెదురుగా వచ్చి, కలిసి, అవతలికి సాగిపోతాయి. చప్పుడు లేకుండా చూపిస్తే ఎక్కువమందికి అవి ఒకదాన్నొకటి దాటిపోయినట్టే కనిపించాయి. కలిసే క్షణంలో ఓ చిన్న ‘టిక్’ వినిపిస్తే అవే చుక్కలు ఢీకొని వెనక్కి తిరిగినట్టు కనిపించాయి. తెర మీద మారిందేమీ లేదు, మారింది చూపే. 2000లో లాదన్ షామ్స్ బృందం ఇంకో అడుగు వేసింది. ఒకే ఒక్క మెరుపుకు వెంటవెంటనే రెండు బీప్‌లు జోడిస్తే చూసేవాళ్లు రెండు మెరుపులు చూశామన్నారు.

ఇప్పుడు ఫైట్ షూటింగ్ ఊహించండి. తెర మీద చేయి ముఖం దగ్గరికి వెళ్లి ఆగుతుంది, తగలదు. కత్తి కత్తిని అంటీ అంటనట్టు దాటుతుంది. ఆ కదలికలు ఆ రెండు చుక్కల్లాంటివే, దాటాయో ఢీకొన్నాయో ఎటూ తేలనివి. ‘డిష్యుం’ వచ్చి తేలుస్తుంది. మన ఫైట్లలో దశాబ్దాలుగా వినిపించే ఆ చప్పుడు జరిగిపోయిన దెబ్బకు అతికించిన అలంకారమని చాలామంది అనుకుంటారు. ఆ చప్పుడు లేకపోతే ప్రేక్షకుడి మెదడులో ఆ దెబ్బ సగమే పుడుతుంది. ఫైట్ మాస్టర్‌కు ఎంత పేరు దక్కాలో సౌండ్ విభాగానికీ అంత పేరు దక్కాలని నేను గట్టిగా నమ్ముతాను.

టాన్ డున్ డ్రమ్ములు ఈ పనికి మరో పని కలిపాయి. దరువు మోగుతున్నంతసేపూ మెదడు ముందుకు చూస్తుంది. మెట్రోనోమ్‌తో పాటు వేలితో తట్టమంటే జనం శబ్దం కోసం ఆగరు. దానికి కొన్ని పదుల మిల్లీసెకన్ల ముందే తట్టేస్తారు, ఆ సంగతి వాళ్లకే తెలియదు. జెస్సికా గ్రాన్, మాథ్యూ బ్రెట్ 2007లో ప్రచురించిన స్కానింగ్ అధ్యయనంలో, తాళం పట్టు దొరికే దరువులు వింటుంటే మెదడులో కదలికలను నడిపే భాగాలైన బేసల్ గాంగ్లియా, సప్లిమెంటరీ మోటార్ ప్రాంతం చురుకయ్యాయి. కుర్చీలో కదలకుండా కూర్చున్నా శరీరం తర్వాతి దెబ్బకు సిద్ధమవుతోందన్నమాట. పెంకుల మీద షు లియెన్ అడుగు ఎక్కడ పడుతుందో మన కండరాలు ముందే ఊహిస్తాయి. డ్రమ్ము వేగం పెరిగితే ఆ ఊహ బిగుసుకుంటుంది. ఠక్కున ఆగితే ఊహించిన దెబ్బ అందక శరీరం తడబడుతుంది. ఆ తడబాటునే మనం ఉత్కంఠ అంటున్నాం.

లోతైన శబ్దాలకు ఇక్కడ ప్రత్యేకమైన చోటు ఉంది. 2014లో వచ్చిన ఓ అధ్యయనం ప్రకారం, హెచ్చుస్వరమూ తగ్గుస్వరమూ కలిసి మోగుతున్నప్పుడు కాలంలో వచ్చే చిన్న తేడాలను మెదడు తగ్గుస్వరంలోనే బాగా పట్టుకుంటుంది. ఆ పక్షపాతం లోపలి చెవి నిర్మాణంలోనే మొదలవుతుందని ఆ పరిశోధకుల నమూనా చెప్పింది. ప్రపంచంలో ఎన్నో చోట్ల తాళం బరువును లోతైన వాద్యాలే మోయడానికి ఇదో కారణం కావచ్చు.

లోతైన శబ్దం బరువును కూడా తెస్తుంది, ఈ సినిమాకు అది ప్రాణావసరం. ఇందులో మనుషులు ఎగురుతారు. ‘ది మాట్రిక్స్’ ఫైట్లు కూర్చిన యూయెన్ వూ-పింగే దీనికీ ఫైట్ మాస్టర్. నటులను రోప్‌లకు కట్టి లాగి, తర్వాత కంప్యూటర్లో ఆ రోప్‌లను చెరిపేశారు. రోప్ మీది మనిషి కిందికి దిగే తీరు గురుత్వాకర్షణ నియమానికి లొంగదు, ఆ తేడాను మెదడు పట్టేస్తుంది. 1998లో న్యూరోల్యాబ్ అంతరిక్షయాత్రలో ఓ ప్రయోగం జరిగింది. పైనుంచి తమవైపు వచ్చే బంతిని పట్టుకోమంటే, బరువు లేని ఆ చోట కూడా వ్యోమగాములు కావలసినదానికన్నా ముందే చేయి బిగించారు. బంతి నేల మీది లెక్కన వేగం పుంజుకుంటుందని మెదడు అక్కడ కూడా ఎదురుచూస్తోంది. గురుత్వాకర్షణ మన లోపల అంత లోతుగా దిగిపోయింది. మరి తేలిపోతున్న ఈ శరీరాలను ప్రేక్షకుడు ఎందుకు నమ్మాడు? నటుల పట్టు ఓ కారణం, పీటర్ పా కెమెరా ఓ కారణం. మూడోది పాదం పెంకును తాకిన ప్రతిసారీ దాని అడుగున పడిన డ్రమ్ము దెబ్బ అని నా అభిప్రాయం. కంటికి దొరకని బరువు చెవికి దొరికింది. ఆ దృశ్యాన్ని శబ్దం ఆపేసి చూస్తే రోప్‌లు లేకపోయినా వాటి లాగుడు కనిపిస్తుంది.

శబ్దాన్ని బొమ్మకు ఎంత దగ్గరగా పెట్టాలన్నదానికీ కొలతలున్నాయి. ప్రసారాల కోసం అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం చేసిన సిఫారసు ప్రకారం, శబ్దం బొమ్మకన్నా 45 మిల్లీసెకన్లు ముందొస్తే చూసేవాళ్లు గుర్తుపడతారు. వెనకబడితే మాత్రం 125 మిల్లీసెకన్ల దాకా పట్టించుకోరు. ఈ అసమానత ప్రకృతి నేర్పిందే. 34 మీటర్ల దూరంలో గొడ్డలి దెబ్బ పడితే చప్పుడు పదోవంతు సెకను ఆలస్యంగా వస్తుంది. దెబ్బకన్నా ముందు చప్పుడు రావడం లోకంలో ఎక్కడా లేదు. ఎడిటింగ్ గదిలో ఒకటి రెండు ఫ్రేముల కోసం జరిగే వాదనలు చాదస్తం కాదు.

ఒపెరా గాంగుల గురించి చెప్పకుండా ముందుకు పోలేను. భౌతికశాస్త్రం చేతికి చైనా సంగీతం ఇచ్చిన అందమైన చిక్కుముళ్లలో ఇదొకటి. పెకింగ్ ఒపెరాలో రెండు రకాల కంచు గాంగులుంటాయి. పెద్దది అడుగు వెడల్పు, చిన్నది జానెడు. పెద్దదాన్ని కొడితే స్వరం మొదట పైన పలికి కిందికి జారుతుంది. చిన్నదాన్ని కొడితే కింద మొదలై పైకి ఎగబాకుతుంది. ఒకే లోహం, ఒకే కుటుంబం, దారులు మాత్రం ఎదురు. సేనాపతి వేదిక మీదికి వచ్చేటప్పుడు పెద్దది మోగుతుంది, స్త్రీ పాత్రలకూ హాస్య పాత్రలకూ చిన్నది. చూసేవాడికి మనిషి కనపడకముందే చెవికి అతని హోదా తెలిసిపోతుంది.

1980లలో థామస్ రాసింగ్, నెవిల్ ఫ్లెచర్ దీని గుట్టు విప్పారు. పెద్ద గాంగు మధ్యభాగం దాదాపు బల్లపరుపుగా ఉంటుంది. గట్టిగా కొట్టినప్పుడు రేకు ఎక్కువ ఊగుతుంది, ఊగినప్పుడు సాగుతుంది, సాగడంతో దాని బిగువు పెరుగుతుంది. బిగువు పెరిగితే స్వరం హెచ్చుతుంది. ఊపు తగ్గేకొద్దీ బిగువు సడలి స్వరం దిగుతుంది, మూడు అర్ధస్వరాల దాకా. చిన్న గాంగు మధ్యలో కొద్దిగా ఉబ్బి ఉంటుంది. ఉబ్బిన రేకు తీరు వేరు. డబ్బా మూత మధ్యలోని ఉబ్బును బొటనవేలితో నొక్కి చూడండి, మొదట ఎదురుతిరిగి, కొంత దిగాక పట్టు వదిలేస్తుంది. అలాగే ఎక్కువ ఊపులో చిన్న గాంగు మెత్తబడుతుంది, స్వరం తగ్గుతుంది. ఊపు తగ్గాక బిగువు తిరిగొచ్చి స్వరం సుమారు రెండు అర్ధస్వరాలు పైకి పోతుంది. రేకు మధ్యలో కంటికి సరిగా ఆనని ఉబ్బు ఒక్కటే ఇదంతా చేస్తోంది. సుత్తి పట్టిన కంచరికి ఆ ఉబ్బు ఎంత ఉండాలో సమీకరణాలు రాకముందే తెలుసు. ఆ పనితనం ముందు నాకు తల వంచాలనిపిస్తుంది.

అలా జారే స్వరాన్ని మనిషి చేతికి అప్పగిస్తే అది చెల్లో అవుతుంది. కమాను వెంట్రుకలకు రాసిన రాళం తీగను పట్టుకుని కాస్త లాగుతుంది, బిగువు హద్దు దాటగానే తీగ జారి వెనక్కి పోతుంది, మళ్లీ పట్టు. చెల్లో పై తీగ మీద ఈ పట్టు-జారు సెకనుకు 220 సార్లు జరుగుతుంది. కమాను తీగ మీద ఉన్నంతసేపూ స్వరానికి శక్తి అందుతూనే ఉంటుంది. డ్రమ్ము దెబ్బ పుట్టిన క్షణం నుంచే చనిపోవడం మొదలుపెడుతుంది, చెల్లో స్వరం పుట్టాక కూడా పెరగగలదు. ఒకటి క్షణాన్ని గుర్తుపెడుతుంది, రెండోది కాలాన్ని సాగదీస్తుంది. టాన్ డున్ పని విభజన వెనక ఉన్న భౌతికశాస్త్రం ఇదే.

చైనా తీగ వాద్యం ‘అర్హు’కు రెండే తీగలు, చిన్న పెట్టెకు కొండచిలువ చర్మం, తీగల మధ్య ఇరుక్కున్న కమాను. వేళ్లు తీగను అదిమేందుకు వెనక పలక కూడా ఉండదు, తీగ గాలిలోనే ఉంటుంది. అందుకే స్వరం నుంచి స్వరానికి జారడం దానికి సహజం. చెల్లోకు పలక ఉంది గానీ సితార్‌లా మెట్లు లేవు. పారిస్‌లో చైనా దంపతులకు పుట్టి, పాశ్చాత్య సంప్రదాయంలో శిఖరమెక్కిన యో-యో మా ఇక్కడ స్వరాలను అర్హు పద్ధతిలో పలికించాడు. స్వరానికి కిందినుంచి వచ్చి అందుకోవడం, అందుకున్నాక వణకడం, వదిలేటప్పుడు జారిపోవడం వింటాం. గమకం అలవాటైన మన చెవికి ఇది పరాయిగా తోచదు. పియానో అలవాటైన చెవికి కాస్త సమయం పడుతుంది.

ఆ జారుళ్లు గుండెను ఎందుకు తాకుతాయన్నదానికి ఓ గట్టి ఆధారం ఉంది. పాట్రిక్ జుస్లిన్, పెట్రి లౌకా 2003లో మనిషి గొంతులోని భావాల మీద జరిగిన 104 అధ్యయనాలనూ, సంగీత ప్రదర్శనల మీద జరిగిన 41 అధ్యయనాలనూ పక్కపక్కన పెట్టి చూశారు. దుఃఖం వచ్చినప్పుడు గొంతు నెమ్మదిస్తుంది, తగ్గుతుంది, స్వరం కిందికి వాలుతుంది. వాద్యకారుడు దుఃఖం పలికించినప్పుడూ అవే మార్పులు. కోపానికీ, భయానికీ, సంతోషానికీ అంతే. చెల్లో 65 హెర్ట్జ్ దగ్గర మొదలై మగ గొంతునూ ఆడ గొంతునూ రెంటినీ దాటుకుని పైకి పోతుంది. కథానాయకుడు లీ మూ బాయ్, షు లియెన్ ఏళ్ల తరబడి ఒకరితో ఒకరు చెప్పుకోని మాటను మోయడానికి రెండు గొంతుల్నీ పలికించగల వాద్యమే కావాలి.

వెదురు వనం దృశ్యంలో ఈ ఎంపిక ఎంత లోతైనదో తెలుస్తుంది. లీ మూ బాయ్, ఆ ముసుగు దొంగ జెన్ వెదురు కొనల మీద ఊగుతూ కత్తులు దూస్తారు. అదీ పోరాటమే, రోప్ పనే. అక్కడ పెంకుల మీది డ్రమ్ముల హోరు లేదు. మంద్రంగా సాగే తీగలు, ఆకుల గలగల ఉన్నాయి. దెబ్బలను లెక్కపెట్టే దరువు లేకపోయేసరికి మన కండరాలు సిద్ధపడవు, శరీరాలకు బరువు రాదు, అవి నిజంగానే తేలతాయి. మొదటి పోరాటంలో నేల కావాలి కాబట్టి డ్రమ్ము ఉంది, రెండోదాంట్లో నేల వద్దు కాబట్టి తీసేశారు.

ఈ సినిమా తర్వాత టాన్ డున్ మరో రెండు కత్తియుద్ధ చిత్రాలకు సంగీతం చేశాడు. ‘హీరో’లో ఇట్జాక్ పెర్ల్‌మాన్ వయొలిన్‌కు జపాన్ కోడో బృందం డ్రమ్ములు తోడయ్యాయి. 2006 నాటి ‘ది బాంక్వెట్’లో లాంగ్ లాంగ్ పియానో వాయించాడు. చెల్లో, వయొలిన్, పియానో. మూడూ గొప్ప చేతులే. పియానోలో మాత్రం సుత్తి తీగను కొట్టి వెనక్కి వచ్చేస్తుంది, ఆ తర్వాత స్వరాన్ని పెంచడానికి గానీ జార్చడానికి గానీ వాయించేవాడికి దారి లేదు. ఆ లెక్కన అది సగం వూచాంగ్ వాద్యమే. అందుకే కాబోలు, ‘బాంక్వెట్’ సంగీతంలో రాజసం వినిపిస్తుంది, పగ వినిపిస్తుంది గానీ షు లియెన్ గొంతులో ఆగిపోయిన మాట లాంటిది నాకు అందులో దొరకలేదు. మూడింటిలో మొదటిదాన్నే నేను పై మెట్టున పెడతాను.